తొమ్మిది మోటార్లు, నా పటంలో ఒక్కటే

2008 ఫిబ్రవరి 23, శనివారం. ఈరోజు మొదటి ఆశ్చర్యం తిరుపతి బస్టాండులోనే ఎదురైంది. ఆరు గంటలకు కార్వేటినగరం బస్సు ఉంటుందని నమ్మి అరగంట నిలబడితే, పక్క బస్సు కండక్టరు నా చంకలోని చుట్టిన చార్టును, చేతిలోని అట్టపెట్టెను చూసి నవ్వాడు. "యాడికి పాపా, ఎగ్జిబిషనుకా? నేరు బస్సు తొమ్మిదికి గానీ లేదు. ఎక్కు, పుత్తూర్లో మారుదువులే." తొమ్మిది దాకా ఆగితే నా ప్రయాణమే వృథా. పది గంటలకు పొలాలకు త్రీఫేజ్ కరెంటు వస్తుంది. అంతకు ముందే నేను అక్కడ ఉండాలి.

ఎందుకు వెళ్తున్నానో చెప్పాలి. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నా ప్రాజెక్టు బోరు మోటారును దానంతట అదే వేసే పెట్టె. లోపల చిన్న చిప్పు, ఆ చిప్పులో ఒదిగి కూర్చునే ప్రోగ్రాము. మా సార్ ముందుగా కోడు రాయనివ్వరు. యంత్రం ఏయే స్థితుల్లో ఉంటుంది, ఏం జరిగితే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతుంది అన్నది మొదట పటంగా గీయాలి. ఆ నమూనాను కంప్యూటరు మీద నడిపి చూసి, దాని నుంచే కోడు తీయాలి. "కరెంటు లేదు", "ఫేజులు చూస్తోంది", "నడుస్తోంది", "ఎండిన బోరు" అని నా స్థితులకు పేర్లు పెట్టుకోవడానికి వారం పట్టింది. సరైన పేరు దొరికిన రోజు అన్నం కూడా రుచిగా ఉండేది. ల్యాబులో ఎన్నిసార్లు నడిపినా నమూనా తప్పలేదు. అయినా సార్ పటం చుట్టూ నేను గీసిన చతురస్రం పక్కన ఎర్రసిరాతో ఒక మాట రాశారు: "ఈ గీత బయట ఎవరున్నారు?" సోమవారం సమీక్ష. అప్పటికి పెట్టె ఒక పొలంలో నడిచి ఉండాలి.

పుత్తూరుకు పద్దెనిమిది రూపాయలు, గంట ప్రయాణం. వడమాలపేట దాటాక రెండు వైపులా మామిడి తోటలు పూతమీద ఉన్నాయి, కిటికీలోంచి ఆ వాసన. పుత్తూరులో ఇడ్లీ తిని, ఇంకో బస్సుకు ఏడు రూపాయలిచ్చి, తొమ్మిదింటికల్లా కార్వేటినగరంలో దిగాను. నా క్లాసుమేటు సుజాత సైకిలుతో ఎదురొచ్చింది. వాళ్ల పొలం ఊరికి రెండు కిలోమీటర్లు. పెట్టెను క్యారియరుకు కట్టి నడిచాం.

సుజాత నాయన మునిరత్నం గారు స్టార్టరు డబ్బా తెరిచి, స్క్రూడ్రైవరు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. "రా పాపా. రాత్రి కరెంటు వారం వస్తే పాములకు భయపడతా కయ్యల గట్లెంబడి రావల్సిందే. నీ పెట్టె ఆ అగసాట్లు తప్పిస్తాదని మా సుజాత ఒకటే చెప్తావుండాది." చార్టు గట్టుమీద పరిచి నాలుగు రాళ్లు పెట్టాను. ఒక్కో స్థితీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు.

"కరెంటొచ్చినంక ఎంతసేపటికి మోటారేస్తాది?"

"వెంటనే! అర సెకను కూడా పట్టదు," అన్నాను గొప్పగా.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు. "అట్లయితే వొద్దులే పాపా."

సుజాత ముఖం ఎర్రబడింది. "ఏం నాయనా, ఇంత దూరం నుంచి వచ్చింది కదా!"

"వచ్చింది కాబట్టే కూసోమంటావుండా. పదికి కరెంటొస్తాది, సూడనీ."

పది దాటిన రెండు నిమిషాలకు స్టార్టరు మీది బల్బు వెలిగింది. ఎవరూ కదల్లేదు. మునిరత్నం గారు చెవి ఒగ్గి నిలబడ్డారు. దూరంగా చెరకు తోట అవతలి నుంచి ఒక ఆడగొంతు వచ్చింది: "ఏసినానప్పో!" కొంచెం ఆగి, ఇంకాస్త దగ్గరగా మగగొంతు: "ఏసినా!" మూడోది. నాలుగోది రాలేదు. దాని బదులు "శీనడు లేడబ్బా, పెండ్లికి పోయినాడు!" అని పక్క పొలం వాళ్లు అరిచారు. అప్పుడు మునిరత్నం గారు పచ్చ బటను నొక్కి, మోటారు ఊపందుకున్నాక, "ఏసినా!" అని గట్టిగా కేకేశారు. ఆ కేక ట్రాన్స్‌ఫార్మరు వైపు ఒక్కో పొలమూ దాటుకుంటూ వెళ్లింది.

ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద తొమ్మిది మోటార్లున్నాయి. మోటారు లేచేటప్పుడు నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. అందుకే వాళ్లకు వంతు ఉంది. లైను చివర వోల్టేజి తక్కువ కాబట్టి చివరి వాళ్లు ముందు వేయాలి. ఆ మొదటి గొంతు లైను చివరి పొలం చెంగమ్మది.

"పోయినేడు అవతలోళ్లు నలుగురు ఆటోమేటిక్ పెట్టుకున్న్యారు. అన్నీ ఒక్కసారే లేసినాయి," అన్నారాయన. "ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి మళ్లా వచ్చేసరికి పదైదు దినాలు. చెనిక్కాయ పైరంతా ఎండిపోయింది. నీ పెట్టె మంచిదే పాపా. నీ గీతే మా గట్టు కాడ ఆగిపోయిండాది."

మధ్యాహ్నం సుజాత అమ్మ రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది. పెట్టె నా పక్కనే, తాడు కూడా విప్పకుండా ఉంది. "బాధపడతావుండావా?" అని అడిగిందామె. "బిగించేసి వెళ్లుంటే బాధపడేదాన్నమ్మా," అన్నాను. "అయితే ఇంకో ముద్ద తిను!" అని నవ్వుతూ వడ్డించింది.

సాయంత్రం తిరుగు బస్సులో చార్టును ఒళ్లో విప్పుకున్నాను. నా నమూనా ఎన్నిసార్లు నడిపినా తప్పకపోవడానికి కారణం, దాని లోకంలో ఒకే మోటారు ఉండటం. తప్పు కోడులో లేదు, గీతలో ఉంది. ఇన్నాళ్లూ ఆ గీతను పుస్తకాల్లోలాగా "సరిహద్దు" అని రాసేదాన్ని. ఈరోజు దాన్ని కొట్టేసి "పొలిమేర" అని రాసుకున్నాను. పొలిమేర అంటే లోపల మనుషులు కూడా ఉంటారు. కేక వినపడనప్పుడు పెట్టె ఏం చేయాలి, "లేడు" అన్న మాట దానికి ఎలా తెలియాలి, ఇవి నాకింకా తెలియవు. సోమవారం నడిచే పెట్టెను చూపించలేను. ఎందుకు బిగించలేదో మాత్రం చూపించగలను.

ఇలా పొలం చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆ వారం కరెంటు ఏ వేళకో ముందు రోజే కనుక్కుని, అరగంట ముందే గట్టు మీద ఉండండి. బల్బు వెలిగాక చేరితే అన్ని మోటార్లూ మామూలుగా నడుస్తూ కనిపిస్తాయి, అసలు సంగతి మీకు తెలియదు.

రేపు మళ్లీ ఆరింటికే పుత్తూరు బస్సు. పెట్టె హాస్టల్లోనే ఉంటుంది. చార్టు వెనకవైపు తెల్లగానే ఉంది, దాని మీద తొమ్మిది గడులు గీసి తీసుకెళ్తాను. పదింటికి చెంగమ్మ మోటారు పక్కన నిలబడి, ఆమె పేరు నుంచి రాయడం మొదలుపెడతాను.