మేనత్త మచ్చిక చేసిన కత్తిపీటలు

మా మేనత్త పోయిందని పోయిన నెల ఒకరోజు పొద్దున్నే పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. చెప్పింది మా అన్నయ్య. "అత్త పోయిందమ్మా. ఎవలకీ బరువు కాలే" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఇంటి బరువంతా నెత్తినేసుకుని మోసిన మనిషి ఎవరికి బరువవుతుందట?

పెళ్లైన కొత్తలోనే భర్త పోతే నేలకొండపల్లిలో మా నాన్న దగ్గరికి వచ్చేసింది. చాకిరీ అంతా ఆమెదే. శుభకార్యం వచ్చిందంటే మాత్రం వంటింటి గడప దాటకూడదు. పసుపు ముట్టకూడదు, చీర పెట్టకూడదు, పెళ్లికూతురికి ఎదురు రాకూడదు. నోటితో ఎవరూ అనేవారు కాదు. చూపులు చాలేవి.

అయినా మా ఇంటి ఆడపిల్లలందరికీ ఆమె పెట్టిన కానుక ఒకటుండేది. కత్తిపీట. పెళ్లి కుదిరిందని తెలియగానే భద్రాచలం బస్సెక్కి కొత్తది కొనుక్కొచ్చేది. కొత్తదానికి ఏదో ఒక లోపం ఉండనే ఉంటుంది. పీట నేలమీద కుదురుగా కూర్చోదు, కత్తి సందులో కదులుతుంది, అంచున ఇనుప గరుకు లేచి ఉంటుంది. వాపసు ఇచ్చెయ్యరాదా అంటే, "గింత దానికేనా? మంచిదేనే, జర పని పడ్తది" అనేది.

ఆ పని చూడాలి. గరుకు పోయేదాకా అంచును సానరాయి మీద మెల్లగా రాసేది. ఆముదంలో తడిపిన గుడ్డపేలిక సందులో దోపి వెదురు పేడు కొట్టేది. పీట అడుగును ఇటుక ముక్కతో అరగదీసేది. కొత్త ఇనుము వంకాయను నల్లబరుస్తుందని కొన్నాళ్లు మా ఇంటి కూరలన్నీ దాని మీదే తరిగేది. వేలు తెగితే పసుపద్దుకుని, "దీని పొగరు నా వేళ్ల మీదనే దిగాలె, కొత్త పిల్ల వేళ్ల మీద కాదు" అనేది.

నా పెళ్లికి కూడా అలాగే కత్తిపీట తెచ్చి గడప ఇవతల కింద పెట్టి వెనక్కి జరిగింది. "చేతికియ్యి అత్తా" అని నేను చెయ్యి చాపాను. "ఏందే ఆ పని!" అని మా పెద్దమ్మ కసిరింది. అత్త నవ్వింది.

"పిచ్చి బిడ్డా, కత్తి చేతికిస్తే కొట్లాటలైతయంటరు. ముత్తైదువ ఇచ్చినా కిందనే పెట్టాలె, నేనిచ్చినా కిందనే పెట్టాలె. అందుకే నేను గిదే పెడ్త."



అత్త పోయేనాటికే అన్నయ్య కూతురికి పెళ్లి కుదిరింది. దినం నాడు ఊరంతా వచ్చి "ఎంత సర్దుకుపోయే మనిషి" అని మెచ్చుకున్నారు. సర్దుకోక ఏం చేస్తుంది పాపం! వసారాలో ఆ పిల్ల కోసం తెచ్చిన కత్తిపీట కనపడింది. అంచు నున్నగా అయింది, పేలిక ఇంకా ఆముదం వాసనేస్తోంది. అడుగు అరగదీసే పని మాత్రం మిగిలిపోయింది. తుడిచి పెళ్లి సామాన్ల పక్కన పెట్టబోయాను.

"అది వద్దమ్మా" అంది మా వదిన. "పోయినామె వస్తువు, పెళ్లి సామాన్ల కలుపకు. స్టీలు చాకు కొన్నం."

"ఇన్నేండ్లు ఆమె చేతి కూడు తిన్నరు గదా, అప్పుడు లేని పట్టింపు ఇప్పుడేంది?" అన్నాను.

అన్నయ్య తల తిప్పుకున్నాడు. పెళ్లికూతురు తలుపు పక్కన నిలబడి చూస్తూనే ఉంది. చెయ్యి చాపలేదు.

ఖానాపురం హవేలిలోని మా ఇంటికి ఆ కత్తిపీటను నేనే తెచ్చుకున్నాను. నా పెళ్లినాటి కత్తిపీట ఇప్పటికీ ఇంచు కదలదు. దాని పక్కనున్న ఈ కొత్తది కూర తరిగినప్పుడల్లా నేలమీద టకటకమని ఊగుతుంది. నిన్న మావారు దాని కింద అట్టముక్క పెట్టబోయారు.

వద్దన్నాను.