ఆల్‌బోర్గ్ డాక్టరమ్మ, జున్నుపాలు

మొన్న ఆదివారం మా మనుమరాలు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో పేర్ల జాబితా తెలుగులో రాసుకుంటూ ఉంటే, శంషాబాద్‌లోని మా మూడో అంతస్తు ఇంటి మీదుగా విమానం వెళ్లిపోయేదాకా ఆగి, ఏమిటని అడిగాను. ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ల కోసం దేశదేశాల ఊళ్ల గురించి రాయడం ఆమెకు సెలవురోజు సరదా. ఆ రోజు డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ నగరంలో పుట్టిన ప్రముఖుల వంతు వచ్చిందట. చిత్రకారులు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు, మంత్రులు, ఓడలు కట్టించినవారు అంటూ ఆమె చదువుతూ పోతుంటే, నేను చేతిలోని టీ చల్లారేదాకా విని, అందులో పశువుల డాక్టరు ఒకావిడ పేరు ఉందేమో చూడమన్నాను. "లేదు తాతా. గామె ఎవరు, నీకెట్ల ఎరుక?" అంది. మరిచిపోయానని అబద్ధమాడి బాల్కనీలోకి వచ్చేశాను.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నా ఈడువారు కదా, తిట్టినా కాస్త అర్థం చేసుకుని తిడతారు. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు రాజేంద్రనగర్‌లో, పశువుల మీద పరిశోధన చేసే ఒక ఆఫీసులో తాత్కాలికపు కొలువు దొరికింది. పల్లెల్లో బర్రెదూడలు పుట్టిన వారం తిరగకుండానే ఎందుకు చచ్చిపోతున్నాయో చూడడానికి ఆల్‌బోర్గ్ నుంచి ఆ డాక్టరమ్మ ఏడాది ఉండేలా వచ్చింది. ఆమె ఇంగ్లీషును తెలుగులో చెప్పడానికి నన్ను వేశారు, ఎందుకంటే ఆమె తిరగబోయే ఊళ్లలో మొదటిది మా తొండుపల్లి. జీపు ముందు సీట్లో కూర్చుని, ఇస్త్రీ చొక్కాతో సొంత ఊళ్లో దిగుతుంటే నేనెంత మిడిసిపడేవాణ్ణో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆమె మాత్రం పేడలో మోకాళ్ల మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను బయటికి తీసి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, మావాళ్లు పెట్టిన జొన్నరొట్టెను ఉల్లిగడ్డతో తినేసేది. మొదట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆడవాళ్లే నెల తిరిగేసరికి ఆమెకు తలనూనె పెట్టి జడ వేశారు.

ఆమె చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. దూడ పుట్టిన గంటలోపల దాని కడుపునిండా తల్లి మొదటి పాలు తాగించాలి, మిగిలితేనే మనుషులకు. మా ఊళ్లో పద్ధతి అందుకు సరిగ్గా తలకిందులు. ఈనిన బర్రె మాయ వేసేదాకా దూడను పొదుగు దగ్గరికి రానిచ్చేవారు కారు, ఆ చిక్కటి పాలు తాగితే దూడకు పారుడు, అంటే విరేచనాలు, పట్టుకుంటుందని భయం. ఆ పాలన్నీ పిండి, బెల్లమూ మిరియాలూ యాలకులూ వేసి జున్ను వండి, చుట్టాలిళ్లకు గిన్నెలతో పంపేవారు. ఏ ఒక్క ఇంటికి గిన్నె అందకపోయినా ఆ ఇంటివాళ్లు ఏడాదిపాటు మూతి ముడుచుకునేవారు, పెళ్లిళ్లలో కూడా ఆ సంగతి ఎత్తి దెప్పేవారు.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, మొగుడు పోయాక ఒక్క బర్రె మీదే ఇల్లు నడుపుకునేది. అది నిండు చూలుతో ఉండగా డాక్టరమ్మ ఆమె కొట్టంలోనే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి తన మాట చెప్పింది. నాకప్పటికి పెళ్లయి మూడు నెలలు. బడంగ్‌పేటలోని మా అత్తవారింటికి ఈ ఈతలో మొదటి గిన్నె పంపుతానని పెద్దమ్మ అప్పటికే కబురు పెట్టేసింది. "అల్లుని తరఫున జున్ను పోకపోతే మన ఇజ్జత్ ఏం కావాలె బిడ్డా?" అని ఆ పొద్దున్నే నాతో అంది కూడా. అంతమంది పెద్దవాళ్ల ముందు నిలబడి, ఈసారి జున్ను ఉండదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పుట్టిన దూడను వెచ్చగా ఉంచాలనీ, డాక్టరమ్మ ఇచ్చే మందు బొడ్డుకు రాయాలనీ చెప్పి ఊరుకున్నాను. అందరూ తలలూపారు. అంత పొడుగు మాట తెలుగులో ఇంత పొట్టిగా అయిందేమని ఆమె అడిగింది. మా భాష అంతే అన్నాను.

బర్రె ఈనింది, పెయ్యదూడ. పెద్దమ్మ మురిసిపోయి, డాక్టరమ్మ చేతనే బొడ్డుకు మందు రాయించుకుంది. దూడకు ఇప్పుడే పాలు తాగిస్తారని నేను చెప్పాక, ఆమె జీపెక్కగానే పాలన్నీ పిండేశారు. మర్నాడు బడంగ్‌పేటకు గిన్నె వెళ్లింది, డాక్టరమ్మకూ ఒకటి వచ్చింది. ఇష్టంగా తింటూ ఇదేమిటని అడిగితే, పాలతో చేసే మిఠాయి అన్నాను. నాలుగోనాటికి దూడకు పారుడు పట్టుకుంది, ఆరోనాడు చచ్చిపోయింది. దూడ కనబడక బర్రె పాలు చేపడం మానేసి, పొదుగు ముట్టుకుంటే తన్నేది. పెద్దమ్మ ఇంట్లో పాలు లేవు, పాలమ్మితే వచ్చే బియ్యమూ లేవు.

"గామె చెయ్యి పెట్టినంకనే నా దూడ పోయింది. ఇగ గామెను మా కొట్టం దిక్కు తీస్కరాకు" అని పెద్దమ్మ వాకిట్లోనే చెప్పేసింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, దూడ మొదటి పాలు తాగిందా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తాగిందనే చెప్పాను. అయితే మొదటి పాల గురించి నేను నమ్మిందే తప్పు అంటూ ఆమె వాకిట్లోనే చతికిలబడింది. తరువాత లేచి, పెద్దమ్మ ముందు చేతులు జోడించి, తనను క్షమించమని చెప్పమంది. ఆమె మాటల్లో అదొక్కటి మాత్రం పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను.

ఆ తరువాత ఊళ్లో ఒక్క ఇంటివాళ్లూ ఆమెను కొట్టంలోకి పిలవలేదు. ఏడాది నిండకుండానే వెళ్లిపోయింది. పోతూ పోతూ, తన మాటలను ఈ యువకుడు నమ్మకంగా జనానికి చేర్చాడని ఆఫీసుకు కాగితం రాసిచ్చింది. దాని పుణ్యమా అని నా కొలువు పర్మనెంటయింది. సిగ్గుతో చచ్చిపోవలసినవాణ్ణి మిఠాయి పంచాను. ఆ పైన సర్వీసంతా ఊరూరా తిరిగి, దూడకు మొదటి పాలు తాగించండని చెప్పింది నేనే, అదీ నా సొంత తెలివైనట్టుగా. రిటైరైన రోజున ఎన్ని దూడలను బతికించానోనని పొగుడుతుంటే దండలో తల దూర్చి నిలబడ్డాను. పెద్దమ్మ చివరిదాకా ఆ తెల్లామె చెయ్యి మంచిది కాదనే అంటూ ఉండేది, నేను పక్కనే కూర్చుని ఊఁ కొట్టేవాణ్ణి.

ఇప్పుడు ఆ కొట్టాల జాగాలో హోటళ్లూ కార్లు నిలిపే జాగాలూ ఉన్నాయి, జున్ను ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతున్నారు. విమానం దిగిన పరదేశీయులు ఫోనులో మాట్లాడితే అది మన డ్రైవరుకు తెలుగులో వినిపిస్తోంది. తప్పో ఒప్పో, తనకు చెప్పింది అది చెప్పేస్తుంది, ఎవరేమనుకుంటారోనని దానికి బెదురు లేదు. అది చూసినప్పుడల్లా నాకు ముఖం దాచుకోవాలనిపిస్తుంది. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది, డాక్టరమ్మ ఉందో లేదో తెలియదు. తాను చెయ్యని తప్పుకు ఆమె ఆ రోజే నా చేత క్షమాపణ చెప్పించింది, నేను చేసినదానికి ఇప్పుడు చెబుదామన్నా ఏ భాషలోనూ వినేవాళ్లు మిగల్లేదు.