ఏం కూరండీ?

విశ్వాసం గారికి తెలిసిన పలకరింపు ఒక్కటే: "ఏం కూర?" ఆర్టీసీ బస్సులో కండక్టరుగా ఉద్యోగమంతా "ఎక్కడికండీ?" అని అడిగీ అడిగీ, రిటైరైన మర్నాటి నుంచి ఆ నోటికి ఇంకో ప్రశ్న కావలసి వచ్చిందని కైకలూరు చుట్టుపక్కల చెప్పుకుంటారు. రాంగ్ నంబరు వచ్చినా ఆయన ఫోను పెట్టేయరు. "పర్వాలేదండి, ఇంతకీ ఏం కూర?" అంటారు.

ఓసారి హెల్మెట్ లేదని కానిస్టేబుల్ ఆయన బండి ఆపాడు.

"తప్పేనండి. ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?"

"బీరకాయండి," అన్నాడు కానిస్టేబుల్ కంగారులో.

"పాలు పోశారా?"

"లేదండి, ఎండు రొయ్యలు."

"అదృష్టవంతులు!" అని విశ్వాసం గారు బండి స్టార్ట్ చేసుకుని చక్కా పోయారు. ఆయన్ని తను ఎందుకు ఆపాడో కానిస్టేబుల్‌కు గుర్తొచ్చేసరికి బండి వంతెన దాటేసింది.

పెళ్లయి తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా కొత్తగా చేరిన దీవెనకు ఈ మనిషి ఒక పట్టాన అర్థం కాలేదు. పైగా బండికి ఎప్పుడూ ఓ క్యారియర్ వేలాడుతుంటుంది. తిండిపోతు అనుకుంది. "ఏం కూరమ్మా?" అని అడిగినప్పుడల్లా "తిన్నానండి" అని తప్పించుకునేది. "తిన్నావా అని అడగలేదు కదమ్మా," అని ఆయన నవ్వి వెళ్లిపోయేవారు.

అంతకంటే అర్థం కానివాడు జీవన్. చేపల చెరువు కాపలాదారు కొడుకు. మూడేళ్లు నిండబోతున్నా చేతులు పుల్లల్లా, పొట్ట కుండలా ఉంటాయి. డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడు. అంగన్‌వాడీ నుంచి గుడ్లు, పాలు, బాలామృతం పిండి అన్నీ ఆ ఇంటికి వెళ్తున్నాయి. కాటా మాత్రం కదలదు. ఆ చెరువులో చేపలు రోజురోజుకీ బరువెక్కుతుంటే గట్టు మీద పిల్లాడు ఉన్నచోటే ఉన్నాడు. ఈ నెలా ఇంతే అయితే వాణ్ణి ఏలూరు పెద్దాసుపత్రిలో చేర్చాల్సిందేనని సూపర్‌వైజర్ చెప్పింది.

"నేను ఆసుపత్రిలో కూర్చుంటే ఇక్కడ పని పోద్దండి టీచర్ గారూ," అని వాడి తల్లి రాజకుమారి, చెరువు గట్టు మీది ఇంటికొచ్చిన దీవెన ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆడు కడుపు నిండా తింటన్నాడండి. ఒట్టండి!"

అబద్ధం కాదని దీవెనకూ తెలుసు. పస్తు లేదు, జబ్బు లేదు, అబద్ధం లేదు. మరి బరువెందుకు లేదు? తల గోక్కుంటుండగా గట్టు మీద బండి ఆగింది.

"ఏం కూర, రాజకుమారీ?"

"చేపల పులుసండి!"

"ఎవరికి?"

"మా ఆయనకీ, నాకూనండి."

"మరి బాబుకి?"

రాజకుమారి ఓ క్షణం ఆలోచించింది. "పసోడికి కూరెందుకండీ? అన్నంలో చారు నీళ్లు పోసి మెత్తగా పిసికి పెడతానండి."

"మరి గుడ్లు?" అంది దీవెన.

"గుడ్డు వేడండి, అరగదండి. ఆళ్ల నాన్న తింటాడండి."

"బాలామృతం?"

"లడ్డూలు చుడతానండి. ఆయనకి టీలోకి బాగుంటాయండి."

అప్పుడే ఆ నాన్న మేత బస్తా భుజాన వేసుకుని ఎదురుగా వెళ్లాడు. మనిషి నిగనిగలాడుతున్నాడు. సర్కారు వారి పోషకాహారం ఆ ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ఒక్క పిల్లాడి మీద తప్ప!

విశ్వాసం గారు హుషారుగా క్యారియర్ విప్పారు. ఎర్రగా పీతల కూర. "పెట్టమ్మా వాడికి!"

"ఏవండీ! అంత కారం పసివాడికా?" దీవెన గిన్నె లాక్కుంది.

"కూరే కదమ్మా?" ఆయన అయోమయంగా చూశారు.

దీవెన రాజకుమారి పక్కన కూర్చుంది. "కడుపు నిండితే చాలదు, ఒంటికి పట్టాలి. గుడ్డు వేడి చెయ్యదు. పప్పన్నంలో గుడ్డు చిదిమి, చెంచాడు నూనె వెయ్యి. కారం వెయ్యకముందే చేప ముక్క తీసి, ముల్లు ఏరి పెట్టు. చారెడు కడుపు కదా, ఒక్కసారే కుక్కకుండా కొంచెం కొంచెంగా అయిదారుసార్లు పెట్టు. ఆ లడ్డూలు ఇక వీడివే."

తిరిగి వస్తుంటే దీవెన ఆగలేకపోయింది. "మీకు కూరలంటే అంత ఇష్టమా అండీ?"

"నాకా? కడుపులో పుండమ్మా. కారం తగలకూడదన్నారు. ఏళ్ల తరబడి మజ్జిగన్నమే."

దీవెనకు మతిపోయింది. "మరి ఊరందరినీ ఎందుకడుగుతారండీ?"

"తిన్నారా అంటే ఎవరైనా తిన్నామనే అంటారమ్మా, పరువుంటుంది కదా! అదే ఏం కూర అన్నామనుకో, లేనివాళ్లు ఓ క్షణం ఆలోచిస్తారు. అక్కడ దొరికిపోతారు." క్యారియర్ తట్టారు. "అందుకే మా ఆవిడ కూర ఎక్కువ వండుద్ది."

తిండిపోతు అనుకున్నందుకు దీవెన సిగ్గుపడింది.

నెలాఖరుకు కాటా కదిలింది. కొంచెమే, కానీ కదిలింది. రాజకుమారి ఆనందం పట్టలేక చెరువు అవతలివాళ్లకు కూడా కేకేసి చెప్పింది. ఆ మధ్యాహ్నం జీవన్ గట్టు మీద గిన్నె ముందేసుకుని తింటుంటే విశ్వాసం గారి బండి వచ్చి ఆగింది. ఆయన నోరు తెరిచేలోపే వాడు తలెత్తి అడిగాడు.

"తాతా, ఏం కూల?"

విశ్వాసం గారు ఓ క్షణం ఆలోచించారు. లోకమంతటినీ ఆయన అడిగారు గానీ, ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"దొరికిపోయారండీ!" అంది దీవెన.

జీవన్ తన గిన్నెలోంచి ఓ ముద్ద తీసి చెయ్యి చాపాడు. పప్పు, గుడ్డు, చెంచాడు నూనె. కారం లేనే లేదు. విశ్వాసం గారు వంగి నోరు తెరిచారు, కళ్లు మూసుకుని నిదానంగా నమిలారు. తర్వాత చెరువు అవతలికి కూడా వినపడేలా కేకేశారు.

"గుడ్డు పప్పండీ!"