జలయంత్రానికి భయం నేర్పిన మనిషి

మా పక్కింటి ఆయన పోయారన్న కబురు గత ఆదివారం ఉదయం వారి అమ్మాయి వచ్చి చెప్పింది. గుండె ఆగిపోయిందట. అమీన్‌పూర్‌లో ఇన్నేళ్లుగా గోడ అవతల వినిపించిన ఆ దగ్గు ఇక వినిపించదని అర్థమైనప్పుడు, దుఃఖం కంటే ముందు నాకు భయం వేసింది. ఒంటరి జీవితం నేను కోరి ఎంచుకున్నదే. దానికి ఏనాడూ వెరవలేదు. ఈ భయం వేరు. మా బావి దగ్గర గడిచిన ఒక ఉదయం నుంచి అది నాతోనే ఉంది.

ఆయన భానూరు వైపు ఒక కర్మాగారంలో ఫిట్టరుగా రిటైరై, తర్వాత ఒక చిన్న కంపెనీలో చేరారు. నీటి అడుగున తనంత తానే తిరుగుతూ జలాశయాల గోడలను పరీక్షించే యంత్రం అక్కడ తయారవుతోంది. మునిగాక పైనుంచి పంపే సంకేతాలు దానికి అందవు. ఎటు వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో దానిలోని కృత్రిమ మేధే తేల్చుకోవాలి.

“గిది నీ లెక్కనే అక్కా, ఎవ్వల మాట ఇనది” అని ఆటపట్టించేవారు.

“తప్పు గిట్ల చెయ్యకుంటెనే నా లెక్క” అనేదాన్ని, ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన గర్వంతో.

నీళ్లలోకి దించే ముందు ప్రతిసారీ యంత్రం మూతల చుట్టూ చూపుడువేలు తిప్పేవారు. రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో కళ్లకంటే వేలినే నమ్మేవారు. “ధైర్యం నేర్పుడు అల్కనే అక్కా. భయం నేర్పుడే కష్టమైతున్నది. తెల్వని కాడ పని ఇడిశి పైకి రావాలె. వస్తలేదు” అని వాపోయేవారు.

బొంతపల్లి దగ్గరి మా పొలంలోని బావిని పరీక్షకు ఇచ్చాను. ఆయనతోపాటు కంపెనీ ఇంజనీర్లు నలుగురు వచ్చారు. ఆ ఉదయం లోపలికి వెళ్లిన యంత్రం ఎంతకూ తేలలేదు. మోటారు గొట్టానికి వేలాడే పాత తాడులో చిక్కుకుని ఉంటుందని ఆయన లుంగీ బిగించారు.

“అక్కా, మోటర్ బంద్ చేసినవా?”

“ఎప్పుడో చేసిన.”

ఆయన మెట్లు దిగి, ఛాతీలోతు నీళ్లలోకి వెళ్లాక నాకు అనుమానం వచ్చింది. అప్పుడు కరెంటు లేదు, అందుకే మోటారు ఆగి ఉంది. కరెంటు వచ్చిన కాసేపటికి దాన్ని తిరిగి నడిపించే ఆటో స్టార్టర్‌ను నేను నిజంగా ఆపానా? గుర్తు రాలేదు. ఆ నలుగురు ఇంజనీర్ల ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. మోటారు షెడ్డు మీద బల్బు వెలిగింది. కరెంటు వచ్చింది.

“పైకి రా తమ్మీ! స్టార్టర్ పెట్టె బంద్ చేసిన్నో లేదో నాకు యాదికి లేదు!”

ఆయన ఎందుకని అడగలేదు. చేతికి అందిన తాడును ఒక్క గుంజు గుంజి వదిలేసి, మెట్లకు ఎగబాకారు. ఆయన నాలుగో మెట్టు మీద ఉండగా మోటారు గర్జించింది. నీళ్లు గొట్టం వైపు సుడి తిరిగాయి.

ఆ సుడిలోంచి యంత్రం తనంత తానే పైకి తేలింది. తెలియని లాగుడు తగలగానే పని వదిలేసి వచ్చేసిందని ఇంజనీర్లు కేకలు వేశారు. ఆయన మాత్రం నా వంక చూశారు. అనుమానం ముందే వచ్చినా చెప్పలేకపోయానని మెల్లగా ఆయనతోనే అన్నాను.

“చెప్పినవ్ గద అక్కా. గది చాలు.”

నా తప్పును ఆయన ఎవరికీ, చివరికి ఇంట్లో కూడా చెప్పలేదు. మరునాటి నుంచి నన్ను పలకరించే తీరు మారలేదు. నేను మరో నిమిషం నోరు మెదపకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు.

ఆ రోజు ఆయన బట్టలు పిండుకుంటూ షెడ్డు వైపు వెళ్లాక నేను బావి అంచునే ఉండిపోయాను. ఎండ మెట్ల మీదికి వచ్చింది. రాతి మీద ఆయన తడి పాదాల గుర్తులు, కింది మెట్టు నుంచి నేను నిలబడిన చోటిదాకా, ఒక్కొక్కటే మడమ వైపు నుంచి ఆరిపోతూ వచ్చాయి.