చిటికెడు సాంబ్రాణి

మొన్న శుక్రవారం మనవరాలు అంగడి నుంచి తెచ్చిన కప్పు సాంబ్రాణి వెలిగించి నా ముందు పెట్టగానే, ఆ పొగకు డెబ్బైల నాటి ఒక సాయంత్రం గుర్తుకొచ్చి, దండం పెట్టాలో వద్దో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. నా ఈడువాళ్ళు నవ్వరనే ధైర్యంతో చెబుతున్నాను.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. వానలు మొహం చాటేసి, చీరలు అడిగేవాళ్ళు లేక మగ్గం ఆగిపోయిన ఏడు, నాయన నన్ను క్రైస్తవ సిస్టర్ల బడి హాస్టల్లో చేర్పించాడు. అక్కడ అన్నమూ పెడతారు, చదువూ చెబుతారు. అవ్వకు ఇది బొత్తిగా గిట్టలేదు. పిల్ల మన దేవుళ్ళను వద్దన్న రోజే ఇంటికి తెచ్చేయాలని నాయన చేత ఒట్టు వేయించుకుంది. నాకేమో చదువంటే ప్రాణం.

ఆ ఏడు బడి పండుగకు పునీత ఆగ్నేసమ్మ నాటకం వేస్తూ, మాటలు తడబడనని సిస్టరమ్మ ఆ వేషం నాకే ఇచ్చారు. ఆగ్నేసమ్మ పూర్వం రోము నగరంలో ఉండిన పిల్ల, పన్నెండు పదమూడేళ్ళది, అప్పటి నా ఈడుదే. మా దేవతకు చిటికెడు సాంబ్రాణి వేస్తే వదిలేస్తాం, లేకుంటే తల తీస్తామని అధికారి బెదిరించినా, ఏసుప్రభువును తప్ప ఎవరినీ కొలవనని చేయి వెనక్కి తీసుకుని, సిలువ గుర్తు వేసుకుని, ప్రాణమే ఇచ్చేసింది. అంత చిన్నపిల్లకు అంత నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు. నేనూ ఆమెలాగే చేయి వెనక్కి తీసుకుంటే, నాటకం చూడవచ్చే నాయన ఒట్టు ప్రకారం బడి మాన్పిస్తాడు. తీసుకోకపోతే నాటకం పాడవుతుంది. పది రోజులు అన్నం సయించలేదు.

అభ్యాసాల్లో ఖాళీగా ఉండే ధూపపు పాత్రలో పండుగ రోజు నిజం నిప్పులు వేశారు. పొగ ముక్కుకు తగిలిందో లేదో, ఇంట్లో ప్రతి శుక్రవారం మగ్గం ముందు చేసినట్టే నా చేయి చిటికెడు సాంబ్రాణి తీసి నిప్పుల్లో వేసింది, ఆపైన రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. అట్టకత్తి పట్టుకున్న తలారి వేషంలోని పిల్ల, ఇక నా తల తీయాలో వద్దో తెలియక సిస్టరమ్మ వైపు చూసింది. జనం గొల్లున నవ్వారు.

కోప్పడతారనుకున్న సిస్టరమ్మ నా కళ్ళు తుడిచి, మీ ఇంట్లో నేర్పిన భక్తి నీ చేతిలో ఉంది, ఆగ్నేసమ్మకూ వాళ్ళింట్లో నేర్పిందే కదా అన్నారు. మెచ్చుకుంటాడనుకున్న నాయన మండిపడ్డాడు.

“ఏమే, తల పోతాండాదని తెలిసీ ఆ యమ్మ తన దేవున్ని ఇడిసిపెట్టలేదంట గదా! ఆ యమ్మ వేషం కట్టుకోని నువ్వట్ల చేసేదా? వచ్చే ఏడన్నా సరింగా నిలబడు.”

వచ్చే ఏడు అన్నాడు కాబట్టి బడి మాన్పించడని ఊపిరి పీల్చుకున్నాను గానీ, మిగతాదేదీ నాకు బోధపడలేదు. ఆ మాటకొస్తే ఇప్పటికీ పడలేదు. ఆగ్నేసమ్మ చేతిని వెనక్కి లాగిందీ, నా చేతిని ముందుకు నడిపిందీ ఒకటేనా?

మా మగ్గం గుంట ఎప్పుడో పూడ్చేశారు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. సాంబ్రాణి కప్పుల్లో వస్తోంది. పరాయివాళ్ళ దేవుడికి మాట తప్పావని సొంత కూతుర్ని తిట్టే తండ్రి మాత్రం మళ్ళీ నాకెక్కడా కనబడలేదు. మనవరాలు చూస్తోందని మొన్న చివరికి దండం పెట్టాను. ఎవరికి పెట్టానో అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.