మూడో పిలుపు

గేమ్ జామ్ అంటే రెండు రోజుల్లో చిన్న వీడియో గేమ్ తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టే పోటీ. నా మొదటి గేమ్‌కి రాయగడలోని మా ఇంటినే వాడుకున్నాను. కరెంటు పోయిన ఇంట్లో ఒక పిల్ల. చీకట్లోంచి అమ్మ గొంతు పిలుస్తుంది. మూడోసారి పిలిచాకే పలకాలి. దెయ్యానికి మూడోసారి పిలిచే శక్తి ఉండదు. ఆసుపత్రిలో నర్సుగా చేసే, ఆదివారం చర్చి మానని మా అమ్మ నాకు నేర్పింది ఇదే.

ఆడినవాళ్లంతా మొదటి పిలుపుకే పలికి చచ్చిపోయి, గేమ్ బాగా లేదని రాశారు. ఒళ్లు మండిపోయింది. ఈ మాత్రం ఎవరి ఇంట్లోనూ చెప్పరా?

చివరికి అమ్మ చేత ఆడించాను. నేను చెప్పకుండా రికార్డు చేసిన తన గొంతే లాప్‌టాప్‌లోంచి, రోజూ నన్ను పిలిచినట్టే "అమ్మీ" అనగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏటమ్మీ ఇది? నా గొంతట్టుకెళ్లి దెయ్యానికిచ్చేసేవా?"

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం లాప్‌టాప్ మూసే ఉంది. వంటగదిలోంచి "అమ్మీ" అని వినిపించింది. పలకలేదు. మళ్లీ "అమ్మీ". ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మూడో పిలుపు రాలేదు.

తలెత్తేసరికి అమ్మ గుమ్మం అవతలే ఆగిపోయి ఉంది, లోపలికి అడుగు పెట్టకుండా.

"పలకవేటి? అక్కడున్నది నువ్వేనా?"