పంచదార డబ్బా పరీక్ష

గోడ అవతల ఎవరైనా పంచదార డబ్బా మూత తీస్తే, అందులో ఎన్ని పలుకులున్నాయో ఇవతల కుర్చీలో కూర్చునే చెప్పగల మనిషి ఆయన. ఆ పలుకుల మధ్య చీమ ఉంటే అది ఆడదో మగదో కూడా చెప్పేవాడని కొందరంటారు. అది మాత్రం కోతలు. చీమల జోలికి ఆయన ఎన్నడూ పోలేదు. పిల్లల చదువుల జోలికే పోయాడు.

యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసులో విచారణ గుమాస్తా. మనిషి ఊచలా ఉండేవాడు. ఆ ఊచకు ఎవరో భారీ మనిషి చెవులు అరువు తెచ్చి తగిలించినట్టుండేది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా అవసరం పడలేదు. ఎదురుగా ఉంటే సార్, వీపు తిప్పితే పంచదార.

ఆ యూనివర్సిటీలో సీటు దొరకడానికి మార్కుల దారి కూడా ఒకటి ఉందనేవారు గానీ, ఆ దారిన నడిచి వెళ్ళినవాణ్ణి ఊళ్ళో ఎవరూ కళ్ళారా చూడలేదు. జనం నడిచినవి రెండే దారులు. ఒకటి పూర్వ విద్యార్థుల కుటుంబాలది. తాత చదివి ఉంటే మనవడికి, మేనత్త చదివి ఉంటే మేనల్లుడికి సీటు, పైగా సగం ఫీజు మాఫీ. వాళ్ళకు విచారణ ఉండదు. పాత గ్రూపు ఫోటోలో వెనక వరసలో తాతగారి ముక్కు కొస కనిపిస్తే చాలు, ఆఫీసులో సోఫా మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారు. రెండో దారి ఊళ్ళోవాళ్ళది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే ఉంటున్న పిల్లలకు సీటు ఇచ్చి మొత్తం ఫీజు మాఫీ చేసేవారు. వీళ్ళకు సోఫా లేదు. పంచదార ఉన్నాడు.

ఎందుకంటే, దరఖాస్తుల కాలం రాగానే ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఊళ్ళో గదులు అద్దెకు తీసుకునేవారు. నాలుగు మంచాలు, గోడకు ఎవరిదో పాత ఫోటో, గుమ్మం బయట అరిగిన చెప్పులు. ఇక్కడే పుట్టి పెరిగామనే కాగితాలంటారా, అంగట్లో ఉల్లిపాయల్లా దొరికేవి. అందుకని పంచదార కాగితాల వంక చూడ్డం మానేసి, ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఇంటికి వెళ్ళేవాడు. ముందుగదిలో కూర్చునేవాడు. తల్లీ తండ్రీ చేతులు నలుపుకుంటూ నిలబడితే, సీటు అడిగిన పిల్లనో పిల్లాడినో చూసి మెత్తగా అనేవాడు:

“కాస్త టీ పెట్టి ఇస్తావా? పంచదార కొంచెం ఎక్కువే వెయ్యి.”

తల్లి లేవబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. “మీరు కూర్చోండమ్మా. తననే పెట్టనివ్వండి.”

కళ్ళు మూసుకునేవాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల అయితే వంటింట్లోంచి ఒకే మూత చప్పుడు వస్తుంది. స్టవ్వు ఏ వైపు సరిగా వెలగదో ఆ చేతికి తెలుసు, జల్లెడ ఏ మేకుకు వేలాడుతుందో తెలుసు. అద్దె పిల్లయితే తలుపు తర్వాత తలుపు, డబ్బా తర్వాత డబ్బా, మధ్యలో ఒక గ్లాసు కింద పడ్డం. టీ వచ్చేసరికి ఆయన తీర్పు తయారుగా ఉండేది. ఆ టీ కూడా పూర్తిగా తాగేవాడు. వదిలిపెట్టే రకం కాదు.

ఒక ఏడాది బస్సు డ్రైవరు కొడుకు ఉప్పు వేసి తెచ్చాడు. “మా అత్తగారు వాడిని వంటింటి గడప తొక్కనివ్వదు సార్, అందుకే తెలీదు” అని తల్లి కాళ్ళ మీద పడింది. పంచదార కాళ్ళు వెనక్కి లాక్కుని, చెప్పులు వేసుకుని వచ్చేశాడు. వచ్చి ‘స్థానికుడు కాడు’ అని రాశాడు. ఆ కుర్రాడు ఇప్పుడు తండ్రి వెనక టిక్కెట్లు కొడుతున్నాడు.

“నా చెవి తప్పదు,” అనేవాడు పంచదార, ఆఫీసులో, చెవిని వేలితో మీటుతూ. వీణ తీగ సవరించినంత గర్వంగా.

సరిగ్గా ఆ చెవి కిందికే వచ్చి పడింది వడ్రంగి కూతురు.

వాళ్ళది బస్ డిపో వెనక సందు. తాతల నాటి రెండు గదుల ఇల్లు. పిల్ల చురుకైనది. స్కూలుకు వెళ్ళే బస్సు పంచదార ఇంటి గేటు ముందే ఆగేది కాబట్టి, కాస్త పొడుగైన దగ్గర్నుంచీ రోజూ అక్కడే నిలబడేది. ఆయన ఆఫీసుకు బయల్దేరుతూ అడిగేవాడు:

“బస్సు వెళ్ళిపోయిందా అమ్మాయ్?”

“ఇంకా లేదు మామయ్యా. మీలాగే అదీ ఆలస్యమే.”

ఆయన నవ్వేవాడు. నవ్వడం కూడా వచ్చు ఆయనకు.

విచారణకు ఫలానా రోజు వస్తామని ఆఫీసు నుంచి కబురు రాగానే వడ్రంగి ఇంట్లో గాలిదుమారం లేచింది. పంచదార డబ్బా సంగతి వాళ్ళకు తెలియక కాదు. మన ఇంట్లో మన పిల్లకి పరీక్షేమిటన్న ధీమా. వాళ్ళను కుదిపేసింది పరీక్ష కాదు, పరువు.

“ఊళ్ళోవాళ్ళ వంటిళ్ళన్నీ అద్దాల్లా చేసిపెట్టావు,” అంది వడ్రంగి భార్య. “మన వంటిల్లు చూడు. డబ్బాలన్నీ నేల మీద, పంచదార కిటికీలో. పెద్దమనిషి లోపలికి తొంగిచూస్తే నీ పనితనం గురించి ఏమనుకుంటాడు?”

వడ్రంగికి పౌరుషం వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ రేపు మాపు అంటున్న అల్మారాలు, ఎవరి ఇంటికో కోసిన చెక్క మిగిలితే దాంతో మొదలుపెట్టాడు. సరిగ్గా విచారణ రోజునే, పిల్ల ఆఖరి పరీక్ష రాయడానికి పొద్దున్నే వెళ్ళగానే, గోడ నిండా బిగించేశాడు. తల్లి పొంగిపోయి డబ్బాలన్నీ కడిగి, తుడిచి, కొత్త అరల్లో సర్దేసింది. సొట్టలు పడ్డ పాత పంచదార డబ్బాను బయటికి విసిరేసి, మెరిసే కొత్తది పెట్టింది. వార్నిష్ ఇంకా ఆరలేదు. వాసన సందు చివరిదాకా కొడుతోంది.

పిల్ల కంటే ముందు పంచదార వచ్చాడు. ముక్కు పైకెత్తాడు.

“కొత్తగా వేయించారా?”

“మీరొస్తున్నారనే సార్!” అన్నాడు వడ్రంగి, వెలిగిపోతూ.

“నేనొస్తున్నాననే అందరూ వేయిస్తారు,” అన్నాడు పంచదార.

వడ్రంగి అది మెచ్చుకోలనుకుని ఇంకా వెలిగిపోయాడు.

పిల్ల గుమ్మంలోకి వచ్చింది. పంచదార చూడగానే గుర్తుపట్టాడు. మరి గేటు ముందు పిల్ల కదా. మొహం కాస్త సడలింది కూడా. హమ్మయ్య, ఇవాళ కష్టపడక్కర్లేదు అనుకున్నాడు. అయినా పద్ధతి పద్ధతే.

“కాస్త టీ పెట్టి ఇస్తావా?”

“అయ్యో, రెండు నిమిషాలు మామయ్యా,” అని పిల్ల పుస్తకాలు బల్ల మీద పడేసి, గంతేసినట్టు వంటింట్లోకి వెళ్ళింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పిల్ల చెయ్యి అలవాటుగా కిటికీలోకి పోయింది. కిటికీ ఖాళీ. నేల ఖాళీ. గోడ నిండా మూసిన తలుపులు, ఒకదాని పోలిక ఒకటి. ఒకటి లాగింది. పప్పులు. రెండోది తడి వార్నిష్‌కు అతుక్కుపోయి, లాగితే చీర చించినంత చప్పుడైంది. గిన్నెలు. ఇంకోటి. తలుపు బందు కిర్రుమంది. సబ్బులు.

“అమ్మా!” అని కేకేసింది లోపల్నుంచి. “పంచదార ఎక్కడే?”

ముందుగదిలో తల్లి నోరు తెరిచింది. పంచదార చెయ్యి లేచింది. తల్లి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. వడ్రంగికి అప్పటికి అర్థమై, మొహం చిత్రిక పట్టిన చెక్కలా తెల్లబడింది.

“సార్, అది... ఇవాళే బిగించాను సార్. పిల్ల ఇప్పుడే చూడ్డం. అడగండి, సందులో ఎవరినైనా అడగండి.”

“సందులో అందరూ మీవాళ్ళేగా,” అన్నాడు పంచదార.

టీ వచ్చింది. చప్పగా ఉంది. పూర్తిగా తాగాడు.

ఇంటికి నడుస్తూ ఆయన ఆలోచించిన మాట నిజం. రాయి కాదుగా. ఈ పిల్ల ఇక్కడిదే, అందులో అనుమానం లేదు. కానీ తలుపులన్నీ చప్పుడు చేశాయి. ఈ పిల్ల ఇక్కడిదని రాస్తే, చెవి తప్పినట్టు. చెవి ఒక్కసారి తప్పిందంటే, ఆ డ్రైవరు కొడుకూ ఇక్కడివాడే అయ్యుండొచ్చు. వాడి ముందు వాడూ, అంతకు ముందు దర్జీవాళ్ళ పిల్లా కూడా. వెనక్కి వెళ్ళేకొద్దీ ఎవరెవరో లేచి నిలబడుతున్నారు. వాళ్ళందరినీ మళ్ళీ కూర్చోబెట్టాలంటే ఈ ఒక్క పిల్లను బయట నిలబెడితే సరిపోతుంది. ఈ లెక్క తేలేసరికి ఇల్లు వచ్చింది. కుర్చీ లాక్కుని ‘స్థానికురాలు కాదు’ అని రాసి సంతకం పెట్టేశాడు.

భుజం మీంచి భార్య చదివింది. “ఏమండీ, ఇది మన బస్సు పిల్లేగా? రోజూ మన కుళాయి దగ్గర సీసా నింపుకుంటుందీ!”

“పరీక్షలో నిలవలేదు.”

“అయితే ఒక్క మాట చెప్పండి. మన ఇంట్లో పంచదార ఎక్కడుంటుంది?”

ఆయన వంటింటి వైపు చూశాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ గదిలోకి వెళ్ళింది మంచినీళ్ళకే.

“నేను దరఖాస్తు పెట్టలేదుగా,” అన్నాడు.

తీర్పు తెలిసిన మర్నాడు వడ్రంగి పిల్లను వెంటబెట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి పోయాడు. సోఫాలో ఎవరో పూర్వ విద్యార్థి గారి మేనల్లుడు కాఫీ ఊదుకుంటున్నాడు. వడ్రంగి నిలబడే మాట్లాడాడు. మాట్లాడ్డం వచ్చినవాడు కాదు. చెక్క గురించీ, వార్నిష్ ఆరడం గురించీ ఎక్కువ చెప్పి, కూతురు గురించి తక్కువ చెప్పాడు. రిజిస్ట్రారు చెడ్డమనిషి కాదు. పంచదారను పిలిపించాడు.

పిల్ల ఆయన్ను చూడగానే ధైర్యం తెచ్చుకుంది. “మామయ్యా, మీరు చెప్పండి. రోజూ మీ గేటు ముందే కదా నేను బస్సెక్కేది? బస్సు వెళ్ళిపోయిందా అని మీరు నన్నే కదా అడిగేవారు?”

గదిలో కాఫీ ఊదడం కూడా ఆగింది. ఒక్క ‘అవును’ అంటే పిల్లకు సీటు. ఫీజు లేకుండా చదువు. వడ్రంగి పెదాలు ఆ మాటను ముందే పలుకుతున్నట్టు కదిలాయి.

పంచదార ఆ పిల్లను పైనుంచి కిందికి తీరిగ్గా చూశాడు.

“చాలామంది ఎక్కుతారండీ బస్సు,” అన్నాడు రిజిస్ట్రారుతో. “నాకు గుర్తులేదు.”

అంతే. రిజిస్ట్రారు చేతులెత్తేశాడు. పిల్ల ఇంకా ఏదో అనబోయింది గానీ, వడ్రంగి దాని భుజం పట్టుకుని తిప్పేశాడు. బయటికి వెళ్తూ సోఫా కాలు వదులుగా ఉందని గమనించి, అలవాటు కొద్దీ వంగి ఒకసారి కదిపి చూశాడు పాపం. మేనల్లుడు కాళ్ళు పైకెత్తి చోటిచ్చాడు. సీటు కూడా వాడికే పోయింది.

సందు మొత్తం కదిలి, డిపో మేనేజరూ స్కూలు హెడ్ మేడమూ ముందుండి ఆఫీసుకు వచ్చి సాక్ష్యం చెప్పేసరికి చాలా ఆలస్యమైంది. రిజిస్ట్రారు అంతా నమ్మాడు. కళ్ళద్దాలు తుడుచుకుని, అన్యాయమే జరిగిందని ఒప్పుకున్నాడు. సీట్లు నిండిపోయాయనీ చెప్పాడు. మళ్ళీ ఏడాది రమ్మందామంటే, ఒకసారి స్థానికురాలు కాదని రాశాక ఆ పేరుతో మళ్ళీ దరఖాస్తు తీసుకోరని నిబంధన. పిల్ల మందుల షాపులో బిల్లుల దగ్గర కుదిరింది. పంచదార గేటు ముందు నిలబడ్డం మానేసి, అవతలి స్టాపు దాకా నడిచి వెళ్ళి బస్సెక్కేది.

వడ్రంగి ఆ అల్మారాలను ఇంట్లో ఉంచుకోలేకపోయాడు. పీకి, వచ్చినంతకు ఇచ్చేశాడు. కొన్నది ఎవరో తెలుసా? దరఖాస్తుల కాలంలో పై ఊళ్ళవాళ్ళకు గదులు అద్దెకిచ్చే ఇల్లుగలావిడ. గది ఒక్కటే కాదు, ఆవిడ టీ ట్యూషన్ కూడా చెప్పేది. కొత్తగా దిగిన పిల్లలకు కళ్ళకు గంతలు కట్టి, వేరే డబ్బాలు ముట్టుకోకుండా పంచదార తీయడం నేర్పేది. నెల తిరక్కుండా వాళ్ళు నిద్రలో లేపినా టీ పెట్టేవాళ్ళు. ఆ అల్మారాల ముందు తయారైన మొదటి కుర్రాడు, ఆ ఊరి పేరు కూడా సరిగా పలకలేనివాడు, ఒకే ఒక్క మూత చప్పుడుతో టీ తెచ్చాడు. పంచదార కళ్ళు తెరిచి, “ఇదీ, ఇంట్లో పుట్టిన చెయ్యంటే,” అని తల ఊపి, అడక్కుండానే రెండో కప్పు తాగాడు.

ఆయన రిటైరైన రోజున యూనివర్సిటీ హాలులోనే సభ పెట్టారు. పూలదండ వేశారు, శాలువా కప్పారు. భార్య ముందువరసలో కూర్చుంది. రిజిస్ట్రారు మైకు దగ్గర చాలా బాగా మాట్లాడాడు. ఇంతమంది పిల్లలను చూశారు, ఇంత నిజాయితీగా పనిచేశారు అన్నాడు. మంచిమనిషి కాబట్టి, ఊళ్ళో అందరి నోళ్ళలో నానుతున్న ఆ ఒక్క మచ్చ కూడా తన చేతులతోనే తుడిచి పంపుదామనుకున్నాడు. “మనిషన్నాక పొరపాటు సహజం. వడ్రంగి గారి అమ్మాయి విషయంలో మన సార్‌కు జ్ఞాపకం కాస్త దగా చేసింది. వయసు కదా! దాన్ని పెద్దమనసుతో మరిచిపోదాం” అన్నాడు. జనం మెత్తబడ్డారు. వెనక వరసలో ఎవరో “పాపం పెద్దాయన” అని కూడా అన్నారు.

పంచదార లేచాడు. శాలువా జారిపోతుంటే భుజం మీదికి లాక్కున్నాడు. మైకును ఒకసారి వేలితో కొట్టి, చప్పుడు విన్నాడు.

“పొరపాటు కాదండీ. మతిమరుపూ కాదు. ఆ పిల్ల మా గేటు ముందు బస్సెక్కే పిల్లేనని గుమ్మంలోకి రాగానే తెలిసింది. తెలిసే రాశాను.”